టైటానియం ఇంప్లాంట్లపై హైడ్రాక్సీఅపటైట్ పూత: లోహాన్ని ఎంతవరకు వేడి చేయాలి?

కాకినాడలో ఎం.టెక్. చేస్తున్న ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న సారాంశం ఇది. గ్రేడ్ 5 టైటానియం (అల్యూమినియం, వెనేడియం కలిసిన మిశ్రమం) బిళ్లల మీద ప్లాస్మా స్ప్రే పద్ధతిలో, అంటే పొడిని మంటలో కరిగించి చిమ్మే పద్ధతిలో, హైడ్రాక్సీఅపటైట్ (ఎముకలోని ఖనిజాన్ని పోలిన కాల్షియం ఫాస్ఫేటు సిరామిక్) పూత వేయిస్తున్నారు. ఒక్కో బిళ్ల 25 మిల్లీమీటర్ల వ్యాసం, 3 మిల్లీమీటర్ల మందం. జనవరిలో వేయించిన బిళ్లలపై పూత బాగా పట్టింది. ఆగస్టులో అదే షెడ్డులో, అదే పొడితో, అవే సెట్టింగులతో వేయించిన బిళ్లలపై పూత అంచుల దగ్గర పెచ్చులుగా లేచింది. లోహాన్ని ముందుగా వేడి చేస్తే పూత గట్టిగా పడుతుందని కొన్ని పరిశోధన పత్రాలు, వేడి పెరిగితే పూత పగులుతుందని మరికొన్ని చెబుతున్నాయి. వీటిలో ఏది నమ్మాలి, అసలు ఎన్ని డిగ్రీలు పెట్టాలి?

రెండూ నమ్మదగినవే, ఎందుకంటే అవి మాట్లాడుతున్నది ఒకే ఉష్ణోగ్రత గురించి కాదు. మొదటి కణం తాకే క్షణంలో లోహపు ఉపరితలం ఎంత వేడిగా ఉంది అన్నది ఒకటి. పూత పెరుగుతున్నంతసేపూ బిళ్ల మొత్తంగా ఎంత వేడెక్కింది అన్నది మరొకటి. మొదటిది పూతకు, లోహానికి మధ్య పట్టును నిర్ణయిస్తుంది. రెండోది పూతలో ఎంత స్ఫటికత (పరమాణువులు క్రమంగా అమరిన భాగం) మిగులుతుందో, చల్లారాక ఎంత ప్రతిబలం (లోపల దాగే లాగుడు లేదా ఒత్తిడి) నిలిచిపోతుందో నిర్ణయిస్తుంది. "సబ్‌స్ట్రేట్ ఉష్ణోగ్రత" (పూత కింది ఆధార లోహపు ఉష్ణోగ్రత) అని ఒకే అంకె రాసి వదిలేసిన పత్రాలను పక్కపక్కన పెట్టి చదివితే ఎవరికైనా అయోమయమే మిగులుతుంది. టైటానియం విషయంలో నా సలహా సూటిగా చెబుతాను. పూత మొదలయ్యే ముందు ఉపరితలాన్ని 150 నుంచి 200 డిగ్రీల మధ్యకు తీసుకురండి. ఆ తర్వాత చివరి పాస్ (మంట బిళ్ల మీదుగా ఒకసారి కదలడం) వరకు 250 డిగ్రీలు దాటనివ్వకండి. స్ఫటికత చాలకపోతే దాన్ని బిళ్లను మరింత కాల్చి కాక వేరే దారిలో సాధించండి. ఇక్కడి నుంచి దీనికి కారణాలు చెబుతాను.

ప్లాస్మా మంట లోపల ఉష్ణోగ్రత 10,000 డిగ్రీలకు పైనే ఉంటుంది. అందులో పడిన పొడి రేణువు పూర్తిగానో, పైపొర వరకో కరిగి, సెకనుకు వంద నుంచి మూడు వందల మీటర్ల వేగంతో లోహాన్ని ఢీకొంటుంది. ఢీకొన్న చుక్క చదునుగా పరుచుకుని, సెకనుకు పది లక్షల డిగ్రీల స్థాయిలో చల్లబడి గడ్డకడుతుంది. ఆ చదును ముక్కనే స్ప్లాట్ అంటారు. పూత అంటే లక్షల స్ప్లాట్లు ఒకదాని మీద ఒకటి పేరుకున్న దొంతర. చల్లని లోహం మీద పడ్డ చుక్క సాధారణంగా చిందిపోతుంది. నడుమ చిన్న ముద్ద, చుట్టూ నక్షత్రంలా చీలిన చేతులు, వాటి మధ్య ఖాళీలు కనిపిస్తాయి. అదే లోహాన్ని తగినంత వేడి చేస్తే చుక్క చిందకుండా గుండ్రని, అంచు తెగని పళ్లెంలా పరుచుకుంటుంది. ఈ మార్పు మెల్లమెల్లగా కాకుండా ఒక ఇరుకైన ఉష్ణోగ్రత అంతరంలోనే జరుగుతుందని జపాన్‌లోని తొయొహాషి సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన మసాహిరో ఫుకుమోటో చూపించారు. దాన్నే సంక్రమణ ఉష్ణోగ్రత అంటున్నాం. పదార్థాల జంటను బట్టి అది మారుతుంది కానీ చాలా జంటలకు 100 నుంచి 300 డిగ్రీల మధ్యే పడుతుంది.

మన ఆత్రేయపురంలో పూతరేకు తీసేవారికి ఇది పరిచయమైన సంగతే. బోర్లించిన కుండకు తగినంత వేడి అందకపోతే పిండినీళ్లు పరుచుకోక ముడుచుకుపోతాయి, వేడి మించితే రేకు మాడి కుండను వదలదు. ఆ మధ్య అంతరాన్ని వాళ్లు చేతి అంచనాతో పట్టుకుంటారు. అక్కడ జరిగేది నీరు ఆరడం, ఇక్కడ జరిగేది కరిగిన ఖనిజం గడ్డకట్టడం కాబట్టి పోలికను ఇంతకంటే సాగదీయకూడదు.

వేడి లోహం మీద చుక్క ఎందుకు చిందదు? ఒక ముఖ్య కారణం తేమ. గాలిలో ఉన్న ఏ లోహపు ఉపరితలమైనా కంటికి కనిపించని నీటి పొరను, కొద్దిపాటి నూనె ఆవిరులను పట్టుకుని ఉంటుంది. వెయ్యిన్నర డిగ్రీలకు పైబడిన చుక్క ఆ పొర మీద పడగానే అది ఆవిరై, చుక్క అడుగున వాయువు ఇరుక్కుంటుంది. చుక్క లోహాన్ని నిజంగా తాకేది కొంత చోటే. మిగతా భాగం వాయువు మీద తేలుతూ గడ్డకడుతుంది. లోహాన్ని ముందే వేడి చేస్తే ఆ పొర ఎగిరిపోతుంది, చుక్కకూ లోహానికీ మధ్య తడుపు మెరుగవుతుంది, బ్లాస్టింగ్ చేసిన (గట్టి రేణువులు చిమ్మి గరుకు చేసిన) ఉపరితలపు సందుల్లోకి చుక్క దిగే అవకాశం పెరుగుతుంది. హైడ్రాక్సీఅపటైట్‌కు, టైటానియానికి మధ్య పట్టు ప్రధానంగా ఈ యాంత్రిక బిగింపు వల్లనే వస్తుంది తప్ప రసాయన బంధం వల్ల కాదు. అందుకే తొలి పొర స్ప్లాట్లు ఎలా కూర్చున్నాయి అన్నది మొత్తం పూత భవిష్యత్తు.

ఆగస్టు సంగతి ఇక్కడే వస్తుంది. గోదావరి డెల్టాలో వానాకాలపు గాలి ఎంత తడిగా ఉంటుందో మనకు తెలుసు. ఆ రోజుల్లో తుషార స్థానం 25 డిగ్రీలకు అటూఇటూ ఉంటుంది. అంటే 25 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా గాలిలోని నీరు పేరుకుంటుంది. గ్రిట్ బ్లాస్టింగ్ అయ్యాక బిళ్లలను శుభ్రంగా ఉంచాలన్న మంచి ఉద్దేశంతో 22 డిగ్రీల ఏసీ గదిలో పెట్టి, స్ప్రే వేళకు షెడ్డులోకి తెస్తారు. మూత తీసిన కొద్ది నిమిషాల్లో ఆ గరుకు ఉపరితలం తేమ పట్టేస్తుంది. నున్నని గాజు పలక మీద అయితే అది మసకలా కంటికి కనిపిస్తుంది. బ్లాస్టింగ్ చేసిన బూడిదరంగు టైటానియం మీద మాత్రం ఏమీ కనిపించదు, చేతికి తొడుగు ఉంటుంది కాబట్టి తెలియదు కూడా. జనవరి ఉదయం అదే పని చేస్తే తుషార స్థానం చాలా కింద ఉంటుంది కాబట్టి ఏమీ కాదు. మీ సెట్టింగులు మారలేదన్నది నిజమే. గాలి మారింది, దాన్ని లెక్కలోకి తెచ్చే సెట్టింగు మీ పట్టికలో లేదు.

తేమ దూరే దారులు ఇంకా రెండు ఉన్నాయి. ఒకటి పొడి. హైడ్రాక్సీఅపటైట్ రేణువులకు చెమ్మ తగిలితే ఫీడరులో గడ్డలు కట్టి, పొడి ధార ఆగుతూ సాగుతూ పడుతుంది. ధార పలచబడిన ఆ క్షణాల్లో మంట వేడి పూర్తిగా లోహానికే చేరుతుంది. పొడిని వాడే ముందు 110 - 120 డిగ్రీల ఓవెన్‌లో కొన్ని గంటలు ఆరబెట్టి, వేడిగా ఉండగానే ఫీడరులో పోయాలి. రెండోది కంప్రెసర్ గాలి. బిళ్లలను చల్లబరచడానికి రెండు పక్కల నుంచి వదిలే గాలి డ్రయ్యర్ లేని కంప్రెసర్ నుంచి వస్తుంటే, వానాకాలంలో మీరు పూత మీద సన్నని నీటి తుంపర, దానితో పాటు కాస్త నూనె చల్లుతున్నట్టే. బిళ్లను పెట్టే చోట ఒక శుభ్రమైన అద్దాన్ని నిలిపి రెండు నిమిషాలు ఆ గాలి వదిలి చూడండి. మసక పట్టినా, జిడ్డు మరక పడినా ఆ గాలితో పూత వేయకూడదు.

ముందస్తు వేడి ఎలా ఇవ్వాలన్నది కూడా అంతే ముఖ్యం. మన జిల్లాల్లోని థర్మల్ స్ప్రే షెడ్లు ఎక్కువగా పంపు స్లీవులు, రోలర్లు, వాల్వు భాగాల మీద పనిచేస్తాయి. ఉక్కు స్లీవును గ్యాసు మంటతో వెచ్చబరిచి స్ప్రే మొదలుపెట్టడం అక్కడ అలవాటు. ఆ అలవాటును టైటానియం మీదకు తేకండి. గ్యాసు మంటలో పుట్టే నీటి ఆవిరి చల్లని లోహం మీద మొదట చెమటలా పడుతుంది. పైగా వేడెక్కిన టైటానియం మంటలోని హైడ్రోజన్‌ను, ఆక్సిజన్‌ను పీల్చుకునే స్వభావం ఉన్న లోహం. పొడి వేయకుండా ప్లాస్మా టార్చినే (మంటను వెలువరించే పరికరాన్నే) ఒకటి రెండు పాస్‌లు తిప్పి వేడి చేయడం మేలు. అంతకంటే మేలు, బిళ్లలను ముందుగా 120 డిగ్రీల ఓవెన్‌లో ఉంచి, అక్కడి నుంచి నేరుగా ఫిక్స్చరుకు (బిళ్లలను పట్టి ఉంచే చట్రానికి) ఎక్కించి, టార్చితో మిగిలిన వేడి ఇవ్వడం. వేడి చేసి టీ తాగి వచ్చాక స్ప్రే చేస్తే ప్రయోజనం లేదు. చల్లారుతున్న ఉపరితలం తేమను మళ్లీ పట్టుకుంటుంది.

ఇప్పుడు రెండో ఉష్ణోగ్రత, పూత పెరుగుతున్నప్పటిది. దీన్ని అదుపులో పెట్టడం చిన్న బిళ్లల మీద ఎంత కష్టమో లెక్క వేసి చూడండి. మీ బిళ్ల ఘనపరిమాణం దాదాపు 1.5 ఘన సెంటీమీటర్లు, బరువు సుమారు 6.5 గ్రాములు. గ్రాము టైటానియాన్ని ఒక డిగ్రీ వేడెక్కించడానికి అర జౌలుకు కాస్త ఎక్కువ చాలు. అంటే బిళ్ల మొత్తాన్ని ఒక డిగ్రీ పెంచడానికి మూడున్నర జౌళ్లు, వంద డిగ్రీలు పెంచడానికి 350 జౌళ్లు. 35 కిలోవాట్ల టార్చి ముందు ఇది ఎంత? అదే 350 జౌళ్లు 200 గ్రాముల తుంటి ఇంప్లాంటు కాడలోకి చేరితే అది మూడు డిగ్రీలు మాత్రమే పెరుగుతుంది. కాడ ఉపరితలం పెద్దది కాబట్టి దానికి చేరే మొత్తం వేడి ఎక్కువే అయినా, తేడా తేడాయే. ఒకే ప్రోగ్రాముతో బిళ్ల 450 డిగ్రీలకు చేరుతుంటే కాడ 150 దగ్గర ఆగవచ్చు. అలాంటప్పుడు బిళ్ల మీద కొలిచిన బంధబలాన్ని కాడకు ఆపాదించడం సరికాదు. బిళ్లలను బరువైన రాగి లేదా అల్యూమినియం దిమ్మకు గట్టిగా బిగించి, వెనుక నుంచి వేడి లాగేలా చేస్తే ఈ తేడా కొంత తగ్గుతుంది. టైటానియం ఉష్ణ వాహకత మీటరుకు డిగ్రీకి ఏడు వాట్లకు లోపే కాబట్టి, వెనుక ముఖం చల్లగా ఉన్నా ముందు ముఖం చాలా వేడిగా ఉండగలదన్నది మరువకండి.

బిళ్ల వేడెక్కితే ఏమవుతుంది? చల్లారేటప్పుడు పూత, లోహం రెండూ ముడుచుకుంటాయి, కానీ సమానంగా కాదు. గ్రేడ్ 5 టైటానియం డిగ్రీకి మీటరు పొడవులో సుమారు 9 మైక్రోమీటర్లు ముడుచుకుంటుంది. హైడ్రాక్సీఅపటైట్ విలువలు 11 నుంచి 15 వరకు కనిపిస్తాయి, 13 అనుకుందాం. తేడా 4. పూత పడినప్పటి ఉష్ణోగ్రత గది ఉష్ణోగ్రత కంటే 300 డిగ్రీలు ఎక్కువైతే, చల్లారాక పూత మీటరుకు 1,200 మైక్రోమీటర్లు అదనంగా ముడుచుకోవాలని చూస్తుంది, లోహం ముడుచుకోనివ్వదు. స్ప్రే చేసిన పూత స్థితిస్థాపక గుణకం (సాగదీతకు చూపే బిగువు) 30 గిగాపాస్కల్స్, పాయిజన్ నిష్పత్తి (ఒక దిశలో సాగితే అడ్డంగా ఎంత సన్నబడుతుందో చెప్పే అంకె) పావు అనుకుంటే, పూతలో నిలిచే తన్యత (లాగే) ప్రతిబలం దాదాపు 48 మెగాపాస్కల్స్. అదే ఉష్ణోగ్రత తేడా 150 డిగ్రీలే అయితే 24. దీనికి తోడు ప్రతి స్ప్లాట్ గడ్డకట్టి ముడుచుకునేటప్పుడు పుట్టే చల్లార్పు ప్రతిబలం ఉంటుంది. అదీ తన్యతే, కాకపోతే స్ప్లాట్లలో పడే సూక్ష్మ పగుళ్లు దానిలో ఎక్కువ భాగాన్ని విడుదల చేసేస్తాయి. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 13779-2 హైడ్రాక్సీఅపటైట్ పూతకు కోరే కనీస బంధబలం 15 మెగాపాస్కల్స్. 48, 15 అనే ఆ రెండు అంకెలు వేర్వేరు దిశల్లో పనిచేసే బలాలవి కాబట్టి వాటిని నేరుగా పోల్చలేం కానీ, పూతలో దాగి ఉన్న లాగుడు ఏ స్థాయిలో ఉందో తెలుస్తుంది.

పూత మధ్యభాగంలో ఈ లాగుడు నిలువు పగుళ్లుగా బయటపడుతుంది. అంచుల దగ్గర మాత్రం అది పూతను పైకి లేపే బలంగా మారుతుంది, ఎందుకంటే అంచు తర్వాత పూతను పట్టి ఉంచడానికి ఏమీ లేదు. మీ పెచ్చులు అంచుల దగ్గర లేచాయని మీరు రాసిన ఒక్క మాట నాకు ఎంతో చెప్పింది. లేపే శక్తి పూత మందంతో పాటు అదే నిష్పత్తిలో పెరుగుతుంది, ప్రతిబలం రెట్టింపైతే నాలుగు రెట్లు అవుతుంది. జనవరి బిళ్లల్లో కూడా ఈ లాగుడు ఉంది, కానీ పట్టు దాన్ని ఓర్చుకుంది. ఆగస్టులో తేమ పట్టును బలహీనపరిచింది, అప్పటి వరకు దాగి ఉన్న లాగుడు గెలిచింది. కాబట్టి తేమ సమస్య తీర్చి ఊరుకోకుండా ప్రతిబలాన్ని కూడా తగ్గించుకోవాలి. పూత మందం ఎంత పెట్టారో మీరు రాయలేదు. ఇంప్లాంట్లలో 50 నుంచి 75 మైక్రాన్ల పూత ఎక్కువగా వాడుకలో ఉంది. కొలతకు సులువని ప్రయోగశాల బిళ్లల మీద 200 మైక్రాన్లు వేయించుకుని ఉంటే, లేపే శక్తిని మీరే మూడు నాలుగు రెట్లు పెంచుకున్నట్టు.

పరిశోధన పత్రాలు ఒకదానితో ఒకటి పొసగకపోవడానికి మరో కారణం లోహమే. 316ఎల్ స్టెయిన్‌లెస్ స్టీలు డిగ్రీకి 16 మైక్రోమీటర్లకు పైగా ముడుచుకుంటుంది, పూత కంటే ఎక్కువ. కాబట్టి దాని మీద ఎక్కువ వేడిలో వేసిన పూత చల్లారాక సంపీడనంలోకి (నొక్కుడులోకి) వెళుతుంది, పగుళ్లు మూసుకుంటాయి. కోబాల్ట్-క్రోమియం మిశ్రమం విలువ 14 దగ్గర, పూతకు సమీపంగా ఉంటుంది కాబట్టి వేడి పెరిగినా ప్రతిబలం పెద్దగా పెరగదు. స్టీలు మీద 400 డిగ్రీలకు వేడి చేస్తే మంచి ఫలితం వచ్చిందని రాసిన పత్రం అబద్ధం కాదు, దాన్ని టైటానియం మీద అమలు చేయడం తప్పు. పత్రం చదివేటప్పుడు సారాంశంలోని అంకె కంటే ముందు ఆధార లోహం ఏదో చూసే అలవాటు చేసుకోండి.

ఇంతవరకు చెప్పినదంతా "తక్కువ వేడి మంచిది" వైపే మొగ్గింది. దానికి ఎదురుగా నిలిచే వాదన స్ఫటికతది, అది బలమైన వాదన. కరిగిన హైడ్రాక్సీఅపటైట్ చాలా వేగంగా చల్లబడితే దాని పరమాణువులకు స్ఫటికంగా అమరే సమయం చాలదు, గాజులాంటి అస్ఫటిక పదార్థం మిగులుతుంది. మంటలో హైడ్రాక్సిల్ సమూహాలు నీరుగా ఎగిరిపోవడం ఈ ధోరణిని ఇంకా పెంచుతుంది. అస్ఫటిక కాల్షియం ఫాస్ఫేటు శరీర ద్రవాల్లో స్ఫటిక హైడ్రాక్సీఅపటైట్ కంటే చాలా త్వరగా కరుగుతుంది. కొంత కరగడం మంచిదే, వెలువడిన కాల్షియం, ఫాస్ఫేటు ఎముక పెరుగుదలకు ఊతమిస్తాయి. కానీ అస్ఫటిక పదార్థం ఎక్కువగా ఉండేది ఎక్కడ? చల్లని లోహాన్ని నేరుగా తాకిన తొలి స్ప్లాట్లలో. ఆపై పడే స్ప్లాట్లు అప్పటికే వేడెక్కిన, వేడిని సరిగా పోనివ్వని సిరామిక్ మీద పడతాయి కాబట్టి నెమ్మదిగా చల్లబడి మెరుగ్గా స్ఫటికమవుతాయి. అంటే పూత పైభాగం గట్టిగా, స్ఫటికంగా ఉండి, అందరికంటే ముందు కరిగిపోయే పొర సరిగ్గా లోహానికి ఆనుకుని దాక్కుంటుంది. శరీర ద్రవం రంధ్రాల గుండా అక్కడికి చేరితే పూత అడుగు నుంచి సడలుతుంది. శస్త్రవైద్యుడు రోనాల్డ్ ఫర్లాంగ్ 1985లో లండన్‌లో హైడ్రాక్సీఅపటైట్ పూసిన తుంటి ఇంప్లాంటును రోగికి అమర్చినప్పటి నుంచీ ఈ పూతల మన్నిక గురించి జరిగిన చర్చల్లో అడుగుపొర కరగడం పదేపదే వస్తూనే ఉంది.

ముందస్తు వేడికి ఇది రెండో ప్రయోజనం. 150 - 200 డిగ్రీల ఉపరితలం మీద తొలి స్ప్లాట్ల చల్లబాటు కొంత నెమ్మదించి, లోహానికి ఆనుకున్న అస్ఫటిక పొర పలచబడుతుంది. దాన్ని పూర్తిగా పోగొట్టాలంటే మాత్రం బిళ్లను 500 డిగ్రీలు, అంతకు మించి ఉంచాలి. టైటానియం మీద అది చేయవద్దంటాను. ప్రతిబలం లెక్క పైన చూశారు. దానితో పాటు టైటానియం స్వయంగా దెబ్బతింటుంది. గాలిలో సుమారు 400 డిగ్రీలు దాటిన టైటానియం మీద ఆక్సైడ్ పొర రంగులుగా కనిపించడం మొదలవుతుంది. ముందు లేత గడ్డి రంగు, తర్వాత ఊదా, ఆ తర్వాత నీలం. పలచని ఆక్సైడ్ పట్టుకు సాయపడుతుంది, మందమైనది పెళుసుగా పొరలుగా ఊడుతుంది. స్ప్రే అయ్యాక బిళ్లను తిప్పి వెనుక ముఖం చూడండి. వెండి రంగులోనే ఉంటే సరే, నీలం కనిపిస్తే మీ బిళ్ల ఎవరూ కొలవని ఉష్ణోగ్రతకు వెళ్లి వచ్చిందని అర్థం.

మరి స్ఫటికతను ఎలా తేవాలి? పైన చెప్పిన ప్రమాణం పూతలో కనీసం 45 శాతం స్ఫటికత అడుగుతుంది. మొదటి దారి పొడిలోనే ఉంది. రేణువులు కాస్త పెద్దవిగా ఉండి, పైపొర మాత్రమే కరిగితే, కరగని నడిభాగం అసలు స్ఫటికంగానే పూతలోకి చేరుతుంది. సన్నని పొడికి ఎక్కువ శక్తి పెడితే అంతా కరిగి, అంతా గాజవుతుంది, పైగా ట్రైకాల్షియం ఫాస్ఫేటు, టెట్రాకాల్షియం ఫాస్ఫేటు, చివరికి కాల్షియం ఆక్సైడ్ వరకు విచ్ఛిన్నమవుతుంది. ఈ చివరిది నీటితో కలిసి ఉబ్బుతుంది కాబట్టి పూతలో దానికి చోటుండకూడదు. అయితే కరగని నడిభాగాలు మరీ ఎక్కువైతే స్ప్లాట్లు పరుచుకోక పూత బోలుగా తయారవుతుంది. టార్చి శక్తిని, రేణువు పరిమాణాన్ని జతగా సరిచూసుకోవాలి.

రెండో దారి పూత తర్వాత చేసే శుద్ధి. 600 నుంచి 700 డిగ్రీల వద్ద ఒక గంట ఉంచితే అస్ఫటిక భాగం స్ఫటికమవుతుంది. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు, కానీ ఈ పద్ధతి ఉచితంగా రాదు. స్ఫటికమయ్యేటప్పుడు పదార్థం కాస్త కుంచించుకుంటుంది, ఆ వేడిలో ప్రతిబలాలు కొంత సడలి, మళ్లీ 600 డిగ్రీల నుంచి చల్లారేటప్పుడు కొత్త లాగుడు పేరుకుంటుంది. అందుకే ఈ పని చేస్తే శూన్య కొలిమిలో, చాలా నెమ్మదిగా వేడి చేసి, అంతకంటే నెమ్మదిగా చల్లార్చాలి. పలచని పూతకే చేయాలి. టైటానియం బిళ్లలకు నేను ముందుగా సూచించేది నీటి ఆవిరి పద్ధతి. ఆటోక్లేవ్‌లో 125 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచితే, ఆవిరి అస్ఫటిక పదార్థంలోకి హైడ్రాక్సిల్‌ను తిరిగి చేర్చి స్ఫటికంగా మారుస్తుంది. ఉష్ణోగ్రత తక్కువ కాబట్టి కొత్త ప్రతిబలం దాదాపు ఉండదు. స్ప్రేకు ముందు శత్రువైన నీరు, స్ప్రే తర్వాత ఈ విధంగా పనికొస్తుంది.

ఇవన్నీ చేయాలంటే ఉష్ణోగ్రతను సరిగా కొలవాలి. మీ షెడ్డులో చేతి ఇన్‌ఫ్రారెడ్ మీటరు వాడుతున్నారని రాశారు. గరుకు టైటానియం వికిరణ గుణకం (వేడిని కిరణాలుగా వెలువరించే సామర్థ్యం) తక్కువ, సిరామిక్ పూతది 0.9కి దగ్గర. మీటరును 0.95 మీద వదిలేసి ఉత్త లోహాన్ని చూస్తే అసలు కంటే చాలా తక్కువ చూపిస్తుంది. 120 అని చూపినప్పుడు బిళ్ల 200 దాటి ఉండవచ్చు. తొలి పాస్ తర్వాత పూత తెల్లగా పరుచుకోగానే రీడింగు ఒక్కసారిగా ఎగబాకుతుంది, అందులో కొంత మీటరు మాయే. నమ్మకమైన పద్ధతి ఒకటే. బిళ్ల వెనుక నుంచి ముందు ముఖానికి ఒక మిల్లీమీటరు దూరం వరకు సన్నని రంధ్రం వేసి, అందులో కె-రకం థర్మోకపుల్ (ఉష్ణోగ్రతను కొలిచే తీగల జంట) బిగించి, ఆ బిళ్లను మిగతావాటి మధ్య కూర్చోబెట్టి మొత్తం స్ప్రే చక్రాన్ని రికార్డు చేయండి. గీత పళ్ల రంపంలా వస్తుంది. ప్రతి పాస్‌కు ఒక శిఖరం, నడుమ ఒక లోయ. చూడాల్సినది శిఖరం ఎత్తొక్కటే కాదు, లోయలు పాస్‌పాస్‌కూ పైకి జరుగుతున్నాయా అన్నది. జరుగుతుంటే పాస్‌ల మధ్య విరామం పెంచండి, టార్చి కదలిక వేగం పెంచండి, తేమ లేని గాలితో చల్లార్చండి. లోయ 150 కిందికి, శిఖరం 250 పైకి పోకుండా గీత సమాంతరంగా సాగితే పూత మందం అంతటా ఒకే స్వభావంతో వస్తుంది.

తర్వాతి బ్యాచ్‌కు నేనైతే బిళ్లలను మూడు గుంపులుగా చేస్తాను. ఒక గుంపుకు ముందస్తు వేడి ఇవ్వను, రెండోదాన్ని 180 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి 250 లోపు ఉంచుతాను, మూడోదాన్ని అదే చోట మొదలుపెట్టి చల్లార్పు లేకుండా పెరగనిస్తాను. మూడింటినీ ఒకే రోజు, ఒకే పొడితో, షెడ్డులోని ఉష్ణోగ్రత, ఆర్ద్రత రాసుకుని చేయాలి. తేమ ప్రభావం నిజంగా తేలాలంటే ఇది వానాకాలంలోనే చేయడం మంచిది. బంధబల పరీక్షకు ఏఎస్‌టీఎం ఎఫ్ 1147 పద్ధతి వాడతారు. అందులో జిగురు పూత రంధ్రాల్లోకి ఇంకి లోహాన్నే పట్టేస్తే పూత బలం లేకున్నా అంకె ఎక్కువ వస్తుంది. పలచని పూతల మీద ఈ మోసం తరచూ జరుగుతుంది కాబట్టి ద్రవ ఎపాక్సీ బదులు ఎఫ్‌ఎం 1000 లాంటి పొర జిగురు వాడండి. ప్రతి గుంపులో సగం బిళ్లలను జపాన్ శాస్త్రవేత్త కొకుబో రూపొందించిన కృత్రిమ శరీర ద్రవంలో 37 డిగ్రీల వద్ద కొన్ని వారాలు నానబెట్టి ఆ తర్వాత లాగి చూడండి. నానబెట్టని బిళ్లల మీద వచ్చే అంకె తేమ, ప్రతిబలాల కథ చెబుతుంది. నానిన బిళ్లల అంకె అడుగుపొర అస్ఫటికతను బయటపెడుతుంది.

ఎక్స్-రే వివర్తన పటం (పదార్థంలోని స్ఫటికాలను గుర్తించే పటం) తీయిస్తే రాగి ఎక్స్-రే గొట్టంతో 31.8 డిగ్రీల దగ్గర హైడ్రాక్సీఅపటైట్ ప్రధాన శిఖరం, దానికి ఎడమ పక్కన 30 డిగ్రీల చుట్టూ ఉబ్బెత్తు గుట్టగా అస్ఫటిక భాగం కనిపిస్తాయి. 30.7 దగ్గర ఆల్ఫా ట్రైకాల్షియం ఫాస్ఫేటు, 37.4 దగ్గర కాల్షియం ఆక్సైడ్ ఉన్నాయేమో చూడండి. పటం పై ముఖం నుంచి మాత్రమే తీస్తే మెరుగ్గా స్ఫటికమైన పైభాగమే కనిపిస్తుంది. లేచిన పెచ్చు ఒకటి దొరికితే దాన్ని పారేయకుండా తిప్పి, లోహం వైపు ముఖం నుంచి కూడా తీయించండి. ఆ రెండు పటాలలో గుట్టల తేడాయే మీ అడుగుపొర పరిస్థితి.

ఆగస్టు బిళ్లలు ఇంకా మీ దగ్గర ఉంటే, కొత్తవి వేయించే ముందు పది రెట్ల భూతద్దంతో పెచ్చు లేచిన చోటును చూడండి. లోహం శుభ్రంగా, బ్లాస్టింగ్ గరుకు స్పష్టంగా, తెలుపు ఆనవాలే లేకుండా కనిపిస్తే పూత అసలు పట్టనేలేదు, అది తేమ పని. గరుకు సందుల్లో తెల్లని అవశేషం అంతటా మిగిలి, పూత తనలో తానే చీలి ఉంటే పట్టు బాగుంది, పూతే బలహీనం లేదా లాగుడు ఎక్కువ. రెండూ కలిసి, అంచున శుభ్రమైన లోహం, లోపలికి పోయేకొద్దీ తెల్లని అవశేషం కనిపిస్తుందని నా అంచనా. ఆ ఫొటోలు, పూత మందం, పాస్‌ల సంఖ్య, టార్చి దూరం పంపిస్తే మీ టార్చికి ఎంత విరామం, ఎంత వేగం సరిపోతాయో లెక్క వేసి చెప్పగలను.